మళ్లీ అడిగే ముందు

జవాబు రాకపోతే మళ్లీ అడగడం ప్రోగ్రామర్లకు అలవాటు. నెట్‌వర్క్ అన్నాక ఒకసారి మొరాయిస్తుంది, రెండోసారి పలుకుతుంది. మామూలు యాప్‌లో అయితే పర్వాలేదు. డిజిటల్ సంతకాన్ని పలు కంప్యూటర్లకు పంచి అప్పగించిన చోట మాత్రం ఆ అలవాటే రహస్యాన్ని బయటపెట్టేయగలదు. అలాంటి నెట్‌వర్క్ కోసం డెవలపర్లు వాడే లైబ్రరీలు, కమాండ్లు తయారుచేసే టీమ్‌ను నడుపుతున్నాను. నా ధ్యాస చాలావరకు ఈ రీట్రై మీదే.

బ్యాంకు లాకర్‌కు రెండు తాళంచెవులు కావాల్సినట్టు, ఇక్కడ ఐదు నోడ్లలో మూడైనా కలిస్తేగాని సంతకం పడదు. రహస్యాన్ని ఇలా వాటాలుగా పంచే లెక్కను ఆది షమీర్, జార్జ్ బ్లేక్లీ 1979లో ఎవరికి వారే కనిపెట్టారు. వాటాలను ఒకచోట చేర్చకుండానే సంతకం చేసే ఫ్రాస్ట్ పద్ధతిని చెల్సీ కోమ్లో, ఇయాన్ గోల్డ్‌బర్గ్ 2020లో ప్రతిపాదించారు. 2024లో అది ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9591గా వెలువడింది. ఆ లెక్కకు నేను వంక పెట్టను. నా భయమంతా దాన్ని వాడేచోటే.

ప్రతి సంతకానికీ నోడ్ కొన్ని రహస్య సంఖ్యలు పుట్టిస్తుంది. వాటిని నాన్సులంటాం, ఒక్కసారికే పనికిరావాలి. సోనీ ప్రతిసారీ ఒకే నాన్సు వాడినందుకే ప్లేస్టేషన్ 3 సంతకం కీ చిక్కిపోయిందని 2010లో బయటపడింది. మా దగ్గర ప్రమాదం ఇంకాస్త దొంగచాటుగా వస్తుంది. మూడో నోడ్ పలకలేదనుకోండి. యాప్ దాని బదులు నాలుగోదాన్ని పిలిచి మళ్లీ అడుగుతుంది. మెసేజ్ అదేగా, ఇది పాత పనేగా అనుకుంటారు రాసినవాళ్లు. కాదు. సంతకం చేసేవాళ్ల జాబితా మారింది, దాంతో లోపలి అంకెలన్నీ మారాయి. ఒకటో నోడ్ పాత నాన్సులతోనే జవాబిస్తూ పోతే, అలాంటి జవాబులు మూడు దొరికితే చాలు, దాని వాటాను స్కూల్లో నేర్చుకున్న ఆల్జీబ్రాతోనే లాగేయొచ్చు.

ఈ హెచ్చరికను డాక్యుమెంటేషన్‌లో ఎర్ర అక్షరాలతో రాసి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు దాన్ని ఎవరు చదువుతారు? మా లైబ్రరీలో నాన్సు ఒకసారి వాడితే ఖర్చైపోతుంది. రస్ట్ భాషలో రెండోసారి వాడబోతే కోడ్ కంపైలే కాదు. నోడ్ వాటిని డిస్కు మీద రాయదు. రాస్తే, ఎవరో పాత బ్యాకప్ ఎక్కించిన రోజున చచ్చిన నాన్సులు లేచి కూర్చుంటాయి. ‘సంతకం విఫలమైంది’ అనే ఎర్రర్ తీసేసి ఇలా రాశాం: ‘3 కావాలి, 2 వచ్చాయి. 3వ నోడ్ పలకలేదు. ఈ సెషన్ ముగిసింది, కొత్తది తెరవండి.’

ఇప్పుడు లాప్‌టాప్‌లోనే ఐదు నోడ్లు నడిపే టెస్ట్ నెట్‌వర్క్ కడుతున్నాం. సంతకం సగంలో ఉండగా ఒక నోడ్‌ను పడగొట్టే కమాండ్ అందులో ఉండి తీరాలని పట్టుబట్టాను. కొత్తగా వచ్చినవాళ్ల చేత ముందు అదే కొట్టిస్తాను. తెర మీది మెసేజ్ చదివి ఏం చేయాలో వాళ్లకు తెలియకపోతే, మేం మార్చేది ఆ మెసేజ్‌నే.