పాత బండికి పొగ పరీక్ష

మా స్ప్లెండర్ 2004 నాటిది. బీఎస్-4, బీఎస్-6 బళ్లకు పొల్యూషన్ సర్టిఫికెట్ ఏడాది నడుస్తుంది. అంతకంటే పాతవాటికి ఆరు నెలలే. చాలామందికి ఇదో విసుగు. నాకు మాత్రం ఆ పరీక్షంటే ఇష్టం. ఇంజిన్ లోపల ఏం జరుగుతోందో అక్కడ అంకెల్లో తెలుస్తుంది.

2004 నాటి ఫోర్ స్ట్రోక్ బండి ఐడ్లింగ్‌లో వదిలే పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం, హైడ్రోకార్బన్లు 4500 పీపీఎం దాటకూడదు. మొదటిది పెరిగితే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ పోతున్నట్టు. ఎయిర్ ఫిల్టర్ దుమ్ము పట్టి ఉంటుంది, లేదా చోక్ పూర్తిగా వెనక్కి రావడం లేదు. రెండోది పెరిగితే పెట్రోలు కాలకుండానే బయటికొస్తోందన్నమాట. అప్పుడు ప్లగ్గునో, ట్యాపెట్లనో చూడాలి. రింగులు అరిగి నీలం పొగ వస్తుంటే ఏ స్క్రూ తిప్పినా లాభం లేదు, బోరు పని చేయించాల్సిందే.

మా మెకానిక్ ముందు ప్లగ్గు విప్పి వెలుతురులో పెట్టి చూస్తాడు. కొన లేత గోధుమరంగులో ఉంటే తుడిచి బిగించేస్తాడు. నల్లటి మసి కనిపిస్తే కార్బొరేటర్ మీద చెయ్యి వేస్తాడు. "కాస్త తిప్పుకు రండి సార్, చల్లటి ఇంజిన్‌కి ట్యూనింగ్ చేస్తే నిలవదు" అంటాడు. తిప్పుకొచ్చాక మిక్చర్ స్క్రూ కొద్దికొద్దిగా తిప్పుతూ చప్పుడు వింటాడు. ఇంజిన్ వేగం పెరిగి నిలకడగా కొట్టుకునే చోట ఆపి, ఐడ్లింగ్ తగ్గిస్తాడు. ఆ చెవి ఎన్నేళ్ల పనితో వచ్చిందో!

మొన్న ఒకచోట నంబరు ప్లేటు ఫొటో తీసి, సైలెన్సర్‌లో గొట్టం పెట్టకుండానే సర్టిఫికెట్ చేతిలో పెట్టబోయారు. వద్దన్నాను. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత కాలుష్య నిబంధన తప్పితే 10,000 రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. ఆ భయంతో కాగితం కొనుక్కుంటే పోలీసు ఆపడేమో గానీ, సిగ్నల్ దగ్గర మన వెనకే స్కూటరు మీద ముందు నిలబడ్డ పిల్ల పీల్చేది మాత్రం అదే పొగ.

పాత బండి ఉన్నవాళ్లు పరీక్షకు ముందు ఫిల్టర్ శుభ్రం చేయించండి, ప్లగ్గు చూపించండి, ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడపండి. అక్కడికి వెళ్లాక గొట్టం పెట్టి చూడమని గట్టిగా అడగండి. సర్టిఫికెట్ మీద ఆ రెండు అంకెలూ చదివాకే డబ్బులివ్వండి.