వంతలేని వీరగాథ

'జార్జిరెడ్డి' చిత్రం 2019 నవంబరులో విడుదలైంది. ఇన్నేళ్లకు దాని గురించి ఎందుకు రాస్తున్నానో ముందు చెప్పాలి. మా టెక్కలిలో నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయికి విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. తల్లి పలాస జీడి బట్టీలో పప్పు ఒలుస్తుంది. "మాస్టారూ, పిల్ల ఎల్తానంటంది. ఆ హాస్టల్లో ఒగ్గీసి రావొచ్చునా బాబూ?" అని అడిగింది. నేను తెలుగు పంతుల్ని. నాకు తెలిసిన కథల్లో జవాబు వెతికాను. దొరకలేదు. ఆవరణల్లో జరిగే నేరం మన కథాసాహిత్యానికి ముఖ్యవస్తువు కాలేదు. సినిమాలో కాలేజీ కొట్లాటలకు కొదవ లేదు గాని, అవి ప్రేమకథకు పెట్టే తాలింపు మాత్రమే.

ఆ మూసను దాటడానికి ప్రయత్నించిన చిత్రమిది. ఉస్మానియాలో భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి జార్జిరెడ్డిని 1972 ఏప్రిల్ 14న ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ దగ్గర కత్తులతో పొడిచి చంపారు. అప్పటికి అతని వయసు 25 ఏళ్లు. ఆ కేసులో ఎవరికీ శిక్ష పడలేదు. యాభై ఏళ్లుగా విద్యార్థి ఉద్యమం గుండెలో పెట్టుకున్న పేరును దర్శకుడు జీవన్‌రెడ్డి తెర మీదికి తెచ్చాడు. పల్లెల నుంచి వచ్చిన పేద విద్యార్థుల అవమానాన్ని చూపించాడు. ఈ మేరకు అభినందించాలి.

కాని దృక్పథం దగ్గర చిత్రం తడబడింది. చేతిరుమాలుకు బ్లేడు కట్టి చేసే పోరాటాన్ని తీర్చిదిద్దడంలో ఉన్న శ్రద్ధ, ఆ బ్లేడు చదువుల ఆవరణలోకి ఎవరి అండతో వచ్చిందో చెప్పడంలో లేదు. హీరో మోటారు సైకిలు మీద ఒక పాటే ఉంది. (థియేటర్లో మా కుర్రాళ్లు ఈలలు వేసింది ఆ పాటకే. నా కాలూ ఆడింది, దాచుకోను.) దానితో రక్షణ అనే సామాజిక ప్రశ్న ఒక మనిషి కండబలం ప్రశ్నగా కుదించుకుపోయింది. అసలు చరిత్ర చెప్పేది దీనికి విరుద్ధం. జార్జిరెడ్డి బాక్సింగు నేర్చినవాడు, ధైర్యవంతుడు. అయినా బతకలేదు. ముఠా కట్టి వచ్చిన హింసకు ఒంటరి పిడికిలి చాలదని ఆ ఏప్రిల్ 14 నిరూపించింది. ఆ సంగతిని విషాదంగా చూపవలసిన చోట చిత్రం వీరావేశాన్ని పెంచుకుంటూ పోయింది.

మా ఉద్దానం పాఠకులకు జముకుల కథ తెలుసు. బొడ్డపాడులో సుబ్బారావు పాణిగ్రాహి చేతికి తీసుకున్నది ఆ రూపాన్నే. అందులో కథకుడెంత మొనగాడైనా వంతలు అందుకోకపోతే కథ ముందుకు సాగదు. ఈ చిత్రంలో వేలాది విద్యార్థులు ఉన్నారు, జేజేలు కొడుతున్నారు. వంత మాత్రం అందుకోరు. హీరో పడిపోయాక వాళ్లు సంఘంగా ఎలా నిలబడ్డారన్నది ఆ వీరావేశం చాటున పడిపోయింది. హత్య తర్వాతి సంవత్సరాల్లో పి.డి.ఎస్.యు. వంటి సంఘం పుట్టి పెరిగింది. నాకైతే అసలు కథ అక్కడే ఉంది.

పిడికిలి ఊసే లేని నేరాలు ఇంకా ఉన్నాయి. 2015 జులైలో నాగార్జున విశ్వవిద్యాలయం హాస్టల్లో ఆర్కిటెక్చర్ విద్యార్థిని ఒకరు ప్రాణం తీసుకున్నారు. సీనియర్ల వేధింపులేనని ఆరోపణలు వచ్చాయి, ప్రభుత్వం కమిటీ వేసింది. ర్యాగింగును నిషేధించే చట్టం మన రాష్ట్రంలో 1997 నుంచీ ఉంది. ఇక్కడ ఏ హీరో వచ్చి ఎవరిని కొట్టాలి? ఫిర్యాదు కాగితం ఏ బల్ల మీద ఆగుతుంది, దాన్ని ఆపే చేయి ఎవరిది అన్నది తెలియాలి. అది రాయడానికి కొట్లాట శిల్పం పనికిరాదు. ఆఫీసు గది, వార్డెను, రాత్రి తొమ్మిదింటికి మూసే గేటు తెలిసిన రచయిత కావాలి.

సీటు వచ్చిన ఆ అమ్మాయికి మొన్న ఈ చిత్రం చూపించాను. చివరిదాకా కదలకుండా చూసింది. కళ్లు తుడుచుకుని, "ఆ హాస్టలుకి వార్డెన్ లేరా మాస్టారూ?" అంది.

నాకు వెంటనే గుర్తుకు రాలేదు. వాళ్లమ్మకు ఇంకా జవాబు చెప్పలేదు.