రెండు రేపల్లెలు, ఒక పాటగాడు

రేపల్లె అనే పేరు తెలుగువాడికి రెండు ఊళ్లను గుర్తుకు తెస్తుంది. ఒకటి భాగవతంలోని వ్రేపల్లె. నందుడి మందలుండే గొల్లపల్లె. రెండవది తెనాలి నుంచి వచ్చే రైలుమార్గం ఆగిపోయే డెల్టా పట్నం. చుట్టూ వరిచేలు, కాలువలు, కౌలురైతులు, కూలీలు. మన లలితగీతాలలో మొదటి రేపల్లె పదే పదే వినిపిస్తుంది. రెండవది దాదాపు వినిపించదు. సాలూరి రాజేశ్వరరావుగారి గ్రామఫోను పాటల మీద అభ్యుదయ మిత్రులు తెచ్చే ప్రధానమైన ఆక్షేపణ ఇదే.

ఆ మధ్య రేపల్లెలో కొద్దిమంది విద్యార్థులతో కలిసి ఆ పాటలు మళ్లీ విన్నాను. విన్న తర్వాత ఒక ఉపాధ్యాయ మిత్రుడు, "ఏమండీ మాస్టారూ, యమున, వెన్నెల, మురళి — ఇందులో మనకేముంది?" అని నిలదీశారు. ప్రశ్న న్యాయమైనదే. అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

రాజేశ్వరరావుగారు 1922లో సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టారు. తండ్రి మృదంగ విద్వాంసుడు. 1935లో వచ్చిన శ్రీకృష్ణలీలలు చిత్రంలో బాలకృష్ణుడుగా పాడి, నటించి పేరు తెచ్చుకున్నారు. ఆ వెంటనే కలకత్తా వెళ్లి, పంకజ్ మల్లిక్, సైగల్ మొదలైనవారి పాటను దగ్గరగా విన్నారు. హార్మోనియం, తబలా, మృదంగం, సితార్, మాండొలిన్ — వాద్యం ఏదైనా ఆయన చేతికి లొంగింది. మద్రాసుకు తిరిగివచ్చి, 1930ల చివర నుంచి తానే వరస కట్టి, తానే పాడి, రావు బాలసరస్వతీదేవిగారితో కలిసి యుగళగీతాలు పాడి, రికార్డులు ఇచ్చారు. 1940లో గూడవల్లి రామబ్రహ్మంగారి ఇల్లాలు చిత్రంలో ఆ ఇద్దరూ నటించారు కూడా. సినిమా కథతో పని లేకుండా పాట తన కాళ్ల మీద తాను నిలబడగలదని తెలుగునాట నిరూపించిన తొలివారిలో వీరున్నారు.

ఈ పాటల విలువను మాటల్లో మాత్రమే వెదికితే పొరపాటు చేస్తాం. అంతకు ముందు మన చెవికి అలవాటైనది రంగస్థల పద్యం. ఈ ప్రాంతం దానికి పుట్టినిల్లు వంటిది. బాపట్లలో పుట్టి తెనాలి రామవిలాస సభలో వెలిగిన స్థానం నరసింహారావుగారు తులాభారంలో సత్యభామ పాటను తానే రాసుకొని, తానే పాడి మెప్పించారు. ఐతే నాటకశాలలో ఆఖరి వరుసవాడికి వినపడాలంటే గొంతెత్తక తప్పదు. రాగం సాగదీయక తప్పదు. మైకు వచ్చాక ఆ నిర్బంధం తొలగింది. రాజేశ్వరరావుగారు ఆ యంత్రం స్వభావాన్ని గ్రహించారు. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్లు పాడారు. పది అంగుళాల రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకు కొంచెం ఎక్కువ. ఆ కొలతలో పల్లవి, చరణం, వాద్యం మూడింటికీ చోటు చూసి, ఆలాపనను తగ్గించారు. స్త్రీ గొంతు పురుషుడి పాటకు వంతగా కాక, సమానంగా బదులు పలికింది. రూపంలో వచ్చిన ఈ మార్పు చిన్నది కాదు.

అంతమాత్రాన మా మిత్రుడి ఆక్షేపణ కొట్టుకుపోదు. గొల్లపల్లె అంటే శ్రమజీవుల పల్లె. పశువులు, పేడ, పాలు, కవ్వం, ఎండ, వాన అక్కడ ఉండాలి. రికార్డులోని రేపల్లెలో ఇవేవీ లేవు. పొదరిల్లు, వెన్నెల మాత్రం మిగిలాయి. మన అభ్యుదయ రచయితల సంఘం 1943 ఫిబ్రవరిలో తెనాలిలోనే మొదటి మహాసభ జరుపుకున్నది. బెంగాలులో లక్షలమంది కరువుతో చనిపోయిన ఏడాది అది. ఆ కాలంలో యమునా తటి పాట విని మనవాళ్లు చిరాకు పడ్డారంటే నేను తప్పు పట్టను.

ఇంకొక సంగతి కూడా మనం చూడాలి. ఆ రికార్డు లక్కతో చేసినది. ఆ లక్కలో చాలా భాగం ఛోటానాగపూరు అడవుల్లో ఆదివాసులు చెట్ల కొమ్మల నుంచి సేకరించినది. దాన్ని కలకత్తా దగ్గర డండంలోని కర్మాగారంలో కార్మికులు అచ్చొత్తారు. రికార్డు మీది చీటీలో కంపెనీ గుర్తు పెద్దది. గాయకుడి పేరు దాని కింద. తబలా కొట్టినవాడి పేరు, ఫిడేలు పట్టినవాడి పేరు సాధారణంగా ఉండవు. పాట రాసినవారెవరని శ్రోతలూ అడిగేవారు కారు. సమష్టి శ్రమ ఒక పేరు కింద అమ్ముడుపోయింది.

దీనికి ఎదురుగా మన జిల్లా బుర్రకథను పెట్టి చూడండి. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజరుగారు (1920–1997) కథ రాశారు, వరస కట్టారు, తంబుర మీటారు, ఆడారు, పాడారు. పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ప్రజానాట్యమండలి ద్వారా ఊరూరా తిరిగాయి. అన్నీ తెలిసిన మనిషే, కాని పక్కన ఇద్దరు వంతలు లేనిదే కథ నడవదు. ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు రాజకీయం చెబుతారు. ఎవరి పాలు ఎంతో జనం కళ్లారా చూస్తారు. రికార్డు దాచిపెట్టినదాన్ని బుర్రకథ బయట పెడుతుంది.

ఐతే రాజేశ్వరరావుగారి ఉదాహరణ ఇక్కడితో ముగియదు. 1951లో మల్లీశ్వరి వచ్చింది. అన్ని వాద్యాలూ వచ్చిన మనిషి అక్కడ ఒంటరిగా పనిచేయలేదు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మాట, భానుమతిగారి గొంతు, ఘంటసాలగారి గొంతు, సంగీతంలో అద్దేపల్లి రామారావుగారి చేయి — ఇన్నీ కలిశాయి. తన గీతాల్లో సాధించిన సున్నితత్వాన్ని ఆయన అక్కడ పదిమందితో పంచుకున్నారు. నా దృష్టిలో పది వాద్యాలు నేర్వడంలోని ప్రయోజనం ఇదే. పదిమందిని తొలగించుకోవడానికి కాదు. ఎదుటివాడి చేతిలో ఎంత పని ఉందో తెలిసి అడగడానికి.

ఈ మాట ఈనాడు మరీ అవసరం. ఇవాళ మన డెల్టా పట్నాలలో ఏ కుర్రవాడైనా ఒక గదిలో కంప్యూటరు ముందు కూర్చుని, అన్ని వాద్యాలూ తానే పలికించి, ఒక ఆల్బం తయారుచేయగలడు. కంపెనీ దయ కోసం కనిపెట్టుకోనక్కరలేదు. ఇది మంచిదే. కాని డప్పు కొట్టేవాడు, నాదస్వరం ఊదేవాడు వీధి చివరే ఉండగా వారి శబ్దాన్ని మాత్రం యంత్రం నుంచి తీసుకుంటే, పాత చీటీ చేసిన అన్యాయాన్నే ఇతడూ చేస్తాడు. అప్పుడు పేరైనా పోయింది. ఇప్పుడు పేరుతో పాటు పనీ పోతుంది.

కాబట్టి మా మిత్రుడికి నా జవాబు: ఆ పాటల్లో మనకు కావలసినది రాధ కాదు, యమున కాదు. చెవి దగ్గర చెప్పినట్లుండే ఆ పలుకుబడి కావాలి. నినాదం అరిచి చెప్పలేని సంగతులు కౌలురైతు ఇంట్లో చాలా ఉన్నాయి. అప్పు సంగతి రాత్రివేళ భార్యాభర్తలు గొంతు తగ్గించే మాట్లాడుకుంటారు. ఆ మాటకు తగిన గొంతు రాజేశ్వరరావుగారు మనకు ఇచ్చి వెళ్లారు. రెండవ రేపల్లెను ఆ గొంతుతో పాడేవారు రావాలి. వారితో పనిచేసిన ప్రతి ఒక్కరి పేరూ, డప్పు కొట్టినవాడి దాకా, పాటతో పాటు జనానికి తెలియాలి.