లేడీ కేథరిన్ మేనత్త కాదు

కోయంబత్తూరు, మధురైల పాత తెలుగు ఇళ్ల విద్యార్థులు జేన్ ఆస్టిన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' (1813) చదివి, లేడీ కేథరిన్ తన కూతురిని ఉయ్యాలనాడే డార్సీకి అనుకోవడాన్ని మేనరికమనే భావిస్తారు. మేమూ ఒకప్పుడు అలాగే పాఠం చెప్పాం. పొరపాటు. ఆమె డార్సీ తల్లికి తోబుట్టువు. కనుక ఆ పిల్ల మన లెక్కలో చెల్లెలి వరస. ఇంగ్లీషు 'కజిన్' ఈ తేడాను మింగేస్తుంది.

మనం మరదలనీ, పొరుగు తమిళులు మురైప్పెణ్ అనీ పిలిచే పిల్ల విషయంలో ఆస్తి కలిసిరావచ్చు గాని, అడిగేది వరస హక్కుతో. లేడీ కేథరిన్‌కు అలాంటి హక్కేదీ లేదు. ఆమె చేతిలో ఉన్నవి రెండు ఎస్టేట్లు, వంశగౌరవం, అక్కచెల్లెళ్లు అనుకున్న మాట. అందుకే ఎలిజబెత్ అంత నిబ్బరంగా జవాబివ్వగలిగింది. అనువాదంలో 'కజిన్'ను మరదలు చేస్తే, డార్సీ ప్రేమించినవాడు కాక వరస తప్పినవాడవుతాడు.