హార్నాక్ వాదములో ఆరాధనకు చోటేది?

సంఘ సిద్ధాంతములు సువార్తకు గ్రీకు తత్వజ్ఞానము తొడిగిన రూపమని అడోల్ఫ్ హార్నాక్ తన 'సిద్ధాంత చరిత్ర'లో వాదించెను. దాని మొదటి సంపుటము 1886లో వెలువడినది. బి.డి. చదువు దినములలో నేనును అది నమ్మి, నైసియా విశ్వాస ప్రమాణమును కొంత అనుమానముతోనే పలుకుచుండెడివాడను.

'హోమోఊసియోస్', అనగా తండ్రితో ఏకసారము గలవాడు, అను పదము బైబిలులో లేదన్నది నిజమే. సమోసాత పౌలును ఖండించిన 268 నాటి అంతియొకయ సభ ఆ పదమును త్రోసివేసినదని అతనాసియస్ సహితము ఒప్పుకొనెను. 325లో నైసియా సభ దానినే చేపట్టినది. పదము గ్రీకుదే, చెప్పిన సంగతి మాత్రము గ్రీకు జ్ఞానులకు మింగుడుపడనిది. సృష్టిని నేరుగా తాకని దేవుని కాపాడబూనిన అరియసే వారికి దగ్గరివాడు. ఈ చిక్కును హార్నాక్ తేలికగా దాటిపోయెనని నా అభిప్రాయము.

ఆరాధన విషయములో లోటు ఇంకను పెద్దది. 325 నాటి ప్రమాణము పరిశుద్ధాత్మను పేర్కొని ఊరకుండెను. సుమారు 375లో బేసిలు ఆత్మను గూర్చి గ్రంథము వ్రాయుచు, ఆయనను సూటిగా 'దేవుడు' అనక, బాప్తిస్మములోను స్తుతిలోను సంఘము ఆయనను తండ్రి కుమారులతో కలిపి పలుకుటనే ఆధారము చేసికొనెను. 381లో కొన్‌స్టాంటినోపులు సభ ఆత్మ వారితోకూడ ఆరాధింపబడువాడని చెప్పినదే గాని, 'ఏకసారము' అను తత్వశాస్త్ర పదమును ఆయనకు వాడనేలేదు.