రవ్వ ముద్దంత బేస్

కొత్త హెడ్‌ఫోన్ చేతికి రాగానే దాదాపు అందరూ చేసే మొదటి పని ఒకటే. ఈక్వలైజర్ తెరిచి ఎడమ చివర గీతను పైకి తోసేస్తారు. పాట ఒక్కసారిగా బరువెక్కుతుంది. పెట్టిన డబ్బు గిట్టిందనిపిస్తుంది. కాసేపటికి కుడి చివర గీత కూడా లేస్తుంది, తాళాలూ గజ్జెలూ తళుక్కుమనాలి కదా. మధ్య గీతల జోలికి మాత్రం ఎవరూ వెళ్లరు. పాడేవాడి గొంతు ఉండేది ఆ మధ్యలోనే. రెండు చివరలూ ఎత్తడమంటే ఆయన్ని నాలుగడుగులు వెనక్కి పంపడమే. పాతిక వేలు పోసి కొన్న సరుకుతో గాయకుడికి మనం ముందుగా చేసే మర్యాద అది.

విశాఖలో మా కంచరపాలెం కుర్రాళ్లను ఈ విషయంలో పూర్తిగా తప్పుపట్టలేను. ఒక పక్క ఐటీఐ జంక్షన్ మీంచి తాటిచెట్లపాలెం వైపు పోయే జాతీయ రహదారి. ఇంకో పక్క రైలు పట్టాలు, పోర్టు సరుకు మోసుకెళ్లే గూడ్సు బండ్లు. లారీ ఇంజన్ గుర్రు, వ్యాగన్ల అదురు, ఇవన్నీ ఎక్కువగా కింది స్వరాలే. బయటి మోత ఏ స్వరాల్లో ఉంటే పాటలో ఆ స్వరాలే ముందు మునిగిపోతాయి. సిటీ బస్సులో వింటుంటే బేస్ పలచబడినట్టు ఉండేది అందుకే. రెండో కారణం మన చెవిలోనే ఉంది. సౌండ్ తగ్గించేకొద్దీ మిగతా వాటికంటే కింది స్వరాలు ముందుగా చెవికి అందకుండా పోతాయని అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. రాత్రి అందరూ పడుకున్నాక చిన్న సౌండ్‌తో వినేవాడు బేస్ పెంచాడంటే వాడి చెవి అడిగిందనే అర్థం. చిక్కల్లా, బస్సు దిగాక, తెల్లారాక కూడా ఆ గీతను అక్కడే వదిలేయడంలో ఉంది.

మనిషి చెవికి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తుందని బళ్లో చదువుకున్నాం. స్థూలంగా 250 లోపు బేస్, 4,000 పైన ట్రెబుల్, నడుమ ఉన్నది మధ్యభాగం. ఈ మధ్యభాగంలో 3,000 చుట్టుపక్కల మన చెవి గొట్టమే శబ్దాన్ని సొంతంగా పెంచి లోపలికి పంపుతుంది. పసిపిల్లల ఏడుపు, ప్రెషర్ కుక్కర్ విజిల్ ఎంత దూరాన్నుంచైనా గుచ్చుకునేది చాలావరకు ఈ గొట్టం వల్లే. హెడ్‌ఫోన్ తయారుచేసేవాళ్లు దీన్నంతా లెక్కలోకి తీసుకునే స్వరాలు సర్దుతారు. ఒక్కో మోడల్ సర్దుబాటు ఒక్కో రకం. సెన్‌హైజర్ హెచ్‌డీ 600కి మధ్యభాగం విషయంలో పేరుంది గానీ అట్టడుగు బేస్ కొంచెం పలచన. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రోకి ట్రెబుల్ పదునెక్కువని వినేవాళ్లంతా అంటారు. కాబట్టి స్నేహితుడి ఫోన్‌లో బాగున్న అంకెలను మన ఫోన్‌లోకి ఎక్కించుకుంటే అవి మన హెడ్‌ఫోన్‌కు నప్పాలనేమీ లేదు.

ఆ డీటీ 990నే మా వీధిలో పాలిటెక్నిక్ చదివే కుర్రాడొకడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఎక్కువగా వాలరాంట్ అనే తుపాకుల వీడియో గేమ్ ఆడతాడు. ఒక సాయంత్రం దాన్ని మెడలో వేసుకుని మా ఇంటికొచ్చాడు.

"అన్నా, వెనకనించి వచ్చేవోడి అడుగులు తెలట్లేదు. ఇది పోయిందేటి?"

పోలేదు. బేస్ పది డెసిబెల్స్ పైన ఉంది. మూడు డెసిబెల్స్ పెంచితేనే ఆ స్వరాలకు రెట్టింపు కరెంటు పవర్ కావాలి. పది పెంచితే పది రెట్లు. అంత బేస్ పోశాక బాంబు పేలినప్పుడల్లా అడుగుల చప్పుడు దాని కింద పడి నలిగిపోక ఏమవుతుంది? దీనికి చెవి కట్టడంలోనే కారణం ఉంది. లోపల నత్తగుల్లలాంటి కాక్లియాలో ఎత్తు స్వరాల చోటు గుమ్మం దగ్గర, బేస్ చోటు అట్టడుగున. బేస్ అల తన చోటికి చేరాలంటే గుమ్మాన్ని కుదుపుతూ పోవాలి. అందుకే బేస్ ఎక్కువైతే పై స్వరాలు మరుగున పడతాయి గానీ, ట్రెబుల్ ఎక్కువైనా బేస్ అంతగా మరుగున పడదు.

వంద హెర్ట్జ్ కింద అంతా నాలుగు డెసిబెల్స్ దించాను. 2,000 నుంచి 4,000 మధ్య రెండు పెంచాను, అడుగు పడ్డప్పుడు బూటు నేలను గీరే చప్పుడు చాలామటుకు అక్కడే తెలుస్తుంది. ఎనిమిది వేల దగ్గర పదును కొంచెం కోశాను, గంటల తరబడి ఆడేవాడికి అది తలనొప్పి తెస్తుంది. వాడు ఒక మ్యాచ్ ఆడి మొహం ముడుచుకున్నాడు.

"బేస్ తీసీసేవేటన్నా? గన్ను కాలిస్తే సప్పగా ఉంది."

"గన్ను కాల్చేది నువ్వే కదరా, దాని సంగతి నీకెలాగూ తెలుసు. తెలియనిది అవతలివాడి అడుగు."

రెండో మ్యాచ్‌లో మెట్ల మీద వస్తున్నవాణ్ని తిరగకుండానే పసిగట్టాడు. ఆ తర్వాత బేస్ ఊసెత్తలేదు.

అడ్డొచ్చే మోతను దించి వినే ఈ విద్య మన ఊరికి కొత్తేమీ కాదు. ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసుర లోపలికి వెళ్లినవాళ్లు సోనార్ గది చూసే ఉంటారు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియమైన జలాంతర్గామి అది. నీళ్లలోకి దిగాక దానికి కళ్లు లేవు, ఉన్నవి చెవులే. సోనార్ మనిషి హెడ్‌ఫోన్ పెట్టుకుని దూరంగా పోయే ఓడ ప్రొపెల్లర్ చప్పుడు పట్టుకోవాలి. దానికోసం జలాంతర్గామిలో మొదట చేసే పని సొంత మోత తగ్గించుకోవడం. వేగం తగ్గిస్తారు, అక్కరలేని యంత్రాలు ఆపేస్తారు. బయటి చప్పుడును పెంచడం వాళ్ల చేతిలో లేదు, అడ్డొచ్చేదాన్ని తీసేయడమే చేతిలో ఉంది. అసలు హెడ్‌ఫోన్‌కు మొదటి పెద్ద గిరాకీ కూడా నౌకాదళమే. 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియెల్ బాల్డ్విన్ తన వంటింట్లో తయారుచేసిన జతలను అక్కడి నౌకాదళం రేడియో వినడానికి కొంది. సంగీతం కోసమని జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్ తెచ్చింది 1958లో. అంటే ఈ వస్తువు పుట్టింది పాటకు ఊగడానికి కాదు, మోతలోంచి పనికొచ్చే చప్పుడును ఏరుకోవడానికి. కంచరపాలెం కుర్రాడు ఆటలో చేస్తున్నదీ అదే.

అయితే ఆట కోసం సర్దిన గీతలతో పాట వింటే మాత్రం పాట ఎండిపోతుంది. ఆటలో పనికొచ్చేది ఏరుకుంటే చాలు, మిగతాది పారేయొచ్చు. పాటలో పారేయదగ్గది లేదు, అన్నీ ఒకదానితో ఒకటి పొత్తు కుదరాలి. ఈ పొత్తు సంగతి మృదంగం వాయించేవాళ్లను అడగాలి. కచేరీకి ముందు ఆయన ఎడమ మూత నడిమధ్య తడి రవ్వ ముద్ద అంటించడం చూసే ఉంటారు. ఆ బరువుకు తోలు నెమ్మదిగా కదులుతుంది, స్వరం కిందికి దిగి గంభీరంగా పలుకుతుంది. ముద్ద ఎక్కువైతే మొద్దుబారుతుంది, తక్కువైతే డొల్లగా ఉంటుంది. చిటికెడు తీసి, చిటికెడు పెట్టి, వేళ్లతో తట్టి చూసుకుంటాడు. కచేరీ మధ్యలో ముద్ద ఆరితే మళ్లీ తడుపుతాడు. కచేరీ అయ్యాక గీకి తీసేస్తాడు. రేపటి కచేరీకి రేపటి ముద్ద. మన ఈక్వలైజర్ గీతకు ఇంతకంటే మంచి పాఠం నాకు ఎక్కడా దొరకలేదు.

మృదంగం కుడి మూత మీది నల్లటి మందు ఇంకా గొప్పది. మామూలు డోలు తోలు మీద అసలు స్వరంతోపాటు పుట్టే అనుస్వరాలకు ఒకదానితో ఒకదానికి పొందిక ఉండదు, అందుకే అది మోతగానే మిగులుతుంది. మధ్యలో ఆ మందు బరువు పడేసరికి అనుస్వరాలు రెండింతలు, మూడింతలు అంటూ లెక్కకు వస్తాయి, చప్పుడు కాస్తా స్వరమవుతుంది. దీన్ని 1920లో నేచర్ పత్రికలో ప్రపంచానికి చెప్పింది సి.వి.రామన్, ఆయనతో పనిచేసిన శివకాళి కుమార్. రామన్ మనవాడే అనుకోవచ్చు. తండ్రి విశాఖలో ఏవీఎన్ కాలేజీ అధ్యాపకుడు, వయొలిన్ వాయించేవారు. కొడుకు ఇక్కడి సెయింట్ అలోషియస్ బడిలోనూ, అదే ఏవీఎన్ కాలేజీలోనూ చదివి మద్రాసు వెళ్లాడు. ఎక్కడ ఎంత బరువు పెడితే శబ్దం సంగీతమవుతుందో మన వాద్యకారులు చేత్తో కనిపెట్టారు, ఆయన లెక్కతో నిరూపించాడు.

పాట కోసం నేను సర్దుకునే పద్ధతి చెబుతాను. ముందు అన్ని గీతలూ సున్నా దగ్గర పెట్టి నాలుగైదు రోజులు అలాగే వింటాను. అమెరికాలో హర్మన్ సంస్థ తరఫున షాన్ ఓలివ్ బృందం వందలమందికి వినిపించి చూస్తే, ఎక్కువమందికి బేస్ కొద్దిగా ఎత్తుగా ఉంటేనే నచ్చింది. కాబట్టి మూడు నాలుగు డెసిబెల్స్ పెంచుకోవడంలో తప్పేమీ లేదు. ఎంత పెంచామో అంత ప్రీయాంప్, అంటే ఈక్వలైజర్‌లో మొత్తం సౌండ్ గీత, దించాలి. ఇప్పటి సినిమా పాటలు అసలే సౌండ్ గరిష్ఠం దాకా నింపి వస్తున్నాయి, ఆ పైన ఇంకా పోస్తే శబ్దం పగులుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. మార్పు చేసినదీ చేయనిదీ పోల్చేటప్పుడు రెండూ ఒకే సౌండ్‌లో లేకపోతే, ఎక్కువ మోగిందే మంచిదని చెవి తీర్పు చెప్పేస్తుంది. ఆ తీర్పు నమ్మదగ్గది కాదు.

పరీక్షకు నేను మూడు రకాలు పెట్టుకుంటాను. బేస్‌కు 'నాటు నాటు'. దెబ్బ పడ్డాక వెంటనే తెగాలి, సాగిందంటే బేస్ ఎక్కువైనట్టే. గొంతుకు మన 'కేరాఫ్ కంచరపాలెం' సినిమాలో స్వీకార్ అగస్తి స్వరపరిచిన 'ఆశా పాశం'. అనురాగ్ కులకర్ణి ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు ఉండాలి, డబ్బాలోంచి పాడుతున్నట్టు ఉంటే 300 దగ్గర కొంచెం కోయాలి. మూడోది ఘంటసాల పాత పాట ఏదైనా. ఆ రోజుల రికార్డుల్లో అట్టడుగున సంగీతం కంటే కరెంటు గుంయ్‌కారమే ఎక్కువ, బేస్ పెంచితే లేచేది అదే. స, ష అన్నప్పుడల్లా చెవిలో సూది దిగితే 6,000 నుంచి 8,000 మధ్య సన్నగా తగ్గించాలి. మొత్తం ట్రెబుల్ దించేస్తే సూదితోపాటు తంబురా జీవం కూడా పోతుంది.

గీతల దాకా వెళ్లకుండానే తీరిపోయే రోగాలు కొన్నున్నాయి. చెవి చుట్టూ గాలి చొరబడితే బేస్ కారిపోతుంది. కళ్లజోడు కాడ కింద సందు చాలు అందుకు. మన సముద్రపు ఉక్కకూ చెమటకూ కుషన్ల మీది రెక్సిన్ పొట్టు రాలడం మామూలే, కుషన్ అణిగిపోయినా స్వరం మారిపోతుంది. బేస్ తగ్గిందని గీత ఎత్తేవాడు ముందు కుషన్ మార్చి చూడాలి. వెనక మూత లేని ఓపెన్‌బ్యాక్ రకాలు పట్టాల పక్కన ఇళ్లకు పగలు పనికిరావు, లోపలి పాట బయటికీ బయటి రైలు లోపలికీ వస్తాయి. మా కుర్రాడు కొన్న 250 ఓమ్ రకాన్ని నేరుగా ఫోన్‌కు తగిలిస్తే నీరసంగా పలుకుతుంది, చిన్న యాంప్ ఉండాల్సిందే. ఇవి సరిచేసుకోకుండా ఎన్ని గీతలు లాగినా ఉపయోగం లేదు.

అదే హెడ్‌ఫోన్‌ను ఆ కుర్రాడి తాతగారికి ఒకసారి పెట్టి చూశాను. నేను బాబాయ్ అంటాను. ఏళ్ల తరబడి ఇనుప రేకుల మధ్య సుత్తి మోతలో పనిచేసి రిటైరైన మనిషి.

"పాట బానే వినిపిస్తంది గానీ నానా, మాటలే తెలట్లేదు," అన్నాడు.

మాటను మాటగా నిలబెట్టేవి హల్లులు. త, క, స లాంటివి ఎక్కువగా 2,000 పైనే ఉంటాయి. మోతలో పనిచేసినవాళ్ల చెవి ముందుగా దెబ్బతినేది సరిగ్గా 4,000 దగ్గర. అక్కడ ఆరు డెసిబెల్స్ ఎత్తి, బేస్ కొంచెం దించి, సౌండ్ పెంచకుండానే మళ్లీ పెట్టాను.

"ఇప్పుడు తెలుస్తంది. ఏటి నొక్కీసావురా?"

మనవడు అదే హెడ్‌ఫోన్ లాక్కుని పెట్టుకుని, చెవులు కోసేస్తోందని వెంటనే తీసేశాడు. ఇద్దరి మాటా నిజమే. అందుకే ఇప్పుడు వాడి కంప్యూటర్లో ఆటకొకటి, పాటకొకటి, తాతకొకటి అని మూడు అమరికలున్నాయి. బాబాయిని చెవి పరీక్ష చేయించుకోమన్నాను. అక్కడ ఇచ్చే ఆడియోగ్రామ్ ఏ స్వరం ఎంత తగ్గిందో చూపిస్తుంది. ఐఫోన్‌లో 2020 నుంచే ఆ పటాన్ని ఎక్కించుకుని హెడ్‌ఫోన్‌ను దానికి తగ్గట్టు సర్దుకునే వీలుంది.

మనవడికి చెప్పింది వేరు. వారానికి 80 డెసిబెల్స్‌లో 40 గంటలు వినొచ్చు, 90కి పోతే 4 గంటలే అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రైలు మోతను దాటించడానికి బేస్ ఎత్తి, ఎత్తిన బేస్‌ను దాటించడానికి మొత్తం సౌండ్ పెంచేవాడు ఆ నాలుగు గంటలను ఒక్క ఆదివారం మధ్యాహ్నంలో ఖర్చు పెట్టేస్తాడు. బయటి మోత ఎక్కువగా ఉంటే మూత ఉన్న హెడ్‌ఫోన్ పెట్టుకోవాలి, లేదా నాయిస్ క్యాన్సలింగ్ ఉన్నది, అది బాగా పనిచేసేది సరిగ్గా ఆ గుర్రుమనే కింది స్వరాల మీదే. ఏ గీతనైనా ఎత్తబోయే ముందు దించగలిగింది ఏదైనా ఉందేమో వెతకమన్నాను. తాతకు అవసరమైన ఆ ఆరు డెసిబెల్స్ వాడికి ఇంకా యాభై ఏళ్ల దాకా అవసరం రాకూడదు.