వాన ఎవరిది? దశమస్కంధ ఋతువర్ణనలో దైవపోషణ

భాగవత దశమస్కంధంలోని వర్ష, శరదృతు వర్ణనలను అష్టాదశవర్ణనల కోవలో చేర్చి దాటిపోవడం సులభం. కథకు అవి విరామాలనీ, ఉపమానాల చాటున వేదాంతం చెప్పే సందర్భాలనీ అనుకుంటే ఆపైన చర్చకు తావుండదు. కాని ఆ వర్ణన ఉన్న చోటును గమనించాలి. మూలంలో 20వ అధ్యాయం ఋతువర్ణన, 24వ అధ్యాయం ఇంద్రయాగ నిషేధం, 25వ అధ్యాయం గోవర్ధనోద్ధరణం. పోతన తెలుగు చేసినప్పుడు కూడా ఈ వరుస మారలేదు. వానను కన్నులపండువుగా చూపిన గ్రంథమే, కొద్ది అధ్యాయాల తరువాత ఆ వాన ఎవరిదన్న వివాదాన్ని లేవదీస్తుంది. ఋతువర్ణనను ఈ వివాదానికి పూర్వరంగంగా చదవవలసి ఉంది.

మూలంలోని వర్షవర్ణన దానభాషతో మొదలవుతుంది. ఎనిమిది నెలలపాటు భూమి నుంచి తాగిన జలధనాన్ని పర్జన్యుడు కాలం రాగానే తిరిగి విడుస్తాడు. మేఘాలు కరుణగలవారిలాగా తమ జీవనాన్ని లోకానికి ధారపోస్తాయి. 'జీవన' శబ్దానికి నీరు అనే అర్థం కూడా ఉండటం వల్ల ఈ పోలిక శ్లేషగా కుదిరింది. ఇచ్చేదంతా మునుపు పుచ్చుకొన్నదే అన్న ఎరుకే ఇక్కడి ప్రత్యేకత. ఆ తరువాతి శ్లోకాల్లో ఒకటి మరింత కీలకం. పంటచేలు కర్షకులకు సంతోషాన్ని, దైవాధీనమని తెలియక గర్వించేవారికి పరితాపాన్ని ఇచ్చాయట. చేను ఒకటే, చూసేవారిని బట్టి ఫలం వేరు. దైవపోషణ అన్న భావం ఈ అధ్యాయంలో సూటిగా పలికేది ఈ ఒక్క మాటలోనే.

నందుడు ఇంద్రయాగాన్ని సమర్థించే తీరు ఈ దానభాషకు కొనసాగింపే. మేఘాలు ఇంద్రుని రూపాలు. ఆయన ఇచ్చిన నీటితో పండిన ద్రవ్యాలతోనే ఆయనను పూజించి, మిగిలిన దానితో బతకడం గోపకుల కులాచారం. ఇందులో తప్పు పట్టడానికేమీ కనిపించదు. కృతజ్ఞతకు ఇంతకన్న చక్కని రూపం లేదనిపిస్తుంది కూడా. కృష్ణుడు దీన్ని తోసిపుచ్చే పద్ధతే ఆశ్చర్యకరం. ఇంద్రుని స్థానంలో తనను నిలుపుకోడు. జంతువు పుట్టేది, గిట్టేది కర్మవల్లనే అంటాడు. రజోగుణ ప్రేరణతో మేఘాలు వర్షిస్తాయి, దానివల్ల ప్రజలు వర్ధిల్లుతారు, మధ్యలో ఇంద్రుడు చేసేదేమిటని అడుగుతాడు. భక్తికావ్యంలో భగవంతుడే నిరీశ్వరవాదిలాగా మాట్లాడే ఈ ఘట్టాన్ని కేవలం లీలగా సరిపెట్టడం న్యాయం కాదు. వానను ఒక దేవత చేతి నుంచి తప్పించి ప్రకృతి నియమానికి అప్పగించడం ఇక్కడ జరిగింది. ఆ స్థానంలో పూజకు సూచించినవి గోవులు, బ్రాహ్మణులు, కొండ: నిత్యం కంటికి కనిపించేవి, గడ్డీ నీరూ ఇచ్చేవి.

ఫలితంగా వచ్చిన రాళ్లవానలో దైవపోషణ అర్థమే మారిపోయింది. అంతకుముందు పోషణ అంటే వాన. ఇప్పుడు వాన నుంచి రక్షణ. తల్లినీ తండ్రినీ గోపగోపికలనూ వరసలతో పిలిచి, ఆవులతో సహా కొండ కిందికి రమ్మని కృష్ణుడు పలికే పద్యంలో పోతన ఇంటిభాష వాడాడు. ఏడు రోజులు కొండను మోసినవాడు ఆటలో గొడుగు పట్టుకొన్న పిల్లవాడిలా కనిపిస్తాడు. అనుకూలమైన వాతావరణమే దైవానుగ్రహమని నమ్మే పాఠకుడికి ఇక్కడ చిక్కు ఎదురవుతుంది. అనుగ్రహానికీ విపత్తుకూ ఒకే మేఘం సాధనమైనప్పుడు, మేఘాన్ని బట్టి దైవాన్ని లెక్కకట్టడం కుదరదు.

పోతన హాలికుడన్న ప్రసిద్ధిని ఆధారం చేసుకొని ఈ పద్యాల్లో రైతు అనుభవాన్ని వెదకాలనిపించడం సహజం. అయితే సేద్యచిత్రాలు మూలంలోనే దండిగా ఉన్నాయి కనుక ఆ వాదానికి బలం తక్కువ. వాన వల్ల కలిగే నిత్యజీవిత క్లేశం కావాలంటే ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసం చూడాలి. తడిసిన కట్టెలతో పొయ్యి రాజేయడానికి పడే పాట్లను కృష్ణదేవరాయలు చూపిన దగ్గరితనం భాగవతంలో లేదు. రాయల వానకు కర్త ఎవరన్న ప్రశ్న రాదు. అది కురుస్తుంది, మనుషులు తడుస్తారు. భాగవతపు వాన ఎప్పుడూ ఎవరో ఒకరికి చెందవలసిందే.

శరద్వర్ణనలో కర్షకులు గట్టి గట్లు వేసి మళ్లలో నీటిని నిలుపుకొంటారు. ఇంద్రియాల ద్వారా జారిపోయే జ్ఞానాన్ని యోగులు నిరోధించినట్లు అన్నది అక్కడి ఉపమానం. దృష్టి అంతా ఉపమానం మీదే నిలిపితే గట్టు మరుగున పడుతుంది. పోషణ పైనుంచి వచ్చినా నిలుపుకొనే పని మనిషిదే అన్న అంశం ఆ గట్టులో ఉంది. ఇంద్రుడు లొంగి, కృష్ణునికి గోవిందపట్టాభిషేకం జరిగిన 27వ అధ్యాయంలో మాత్రం ఓషధులు దున్నకుండానే పండుతాయి, చెట్లు తేనె కారుస్తాయి. ఉత్సవసమయానికి తగిన అతిశయమే అయినా, 20వ అధ్యాయపు రైతుకు అందులో చోటు లేదు. ఈ రెండు చిత్రాలనూ సమన్వయం చేసే ప్రయత్నం మూలం చేయలేదు.